కటాడిన్ పర్వతము - త్రోవ తప్పినవారు

అమెరికా సంయుక్తరాష్ట్రముల యీశాన్యపు కొనయందు మెయిన్ అను రాష్ట్రము కలదు. అందలి పర్వతములలో కెల్ల నున్నతమైనది కటాడిన్. ఆ ప్రాంతపు ఆదివాసులగు పెనోబ్స్కాటుల భాషలో ఆ పేరునకు మహాపర్వతమని యర్థము. ఎత్తు 5,267 అడుగులు మాత్రమే. మన హిమాలయములతో పోల్చినచో నిది యొక గుట్ట. కాని మనుష్యుని దారి తప్పించుటకు మిక్కిలి యెత్తుతో పనిలేదని యీ కొండను చూచిన పిదప మాకు బాగుగ బోధపడినది.

ఈ పర్వతమును, దానిచుట్టునున్న యడవిని రక్షించినవాడు పెర్సివల్ బాక్స్టర్. ఈయన 1921 మొదలు 1925 వఱకు ఆ రాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. పదవి విడిచిన పిమ్మట సొంతధనముతో భూమిని కొని, 1931 మొదలుకొని కొంచెము కొంచెముగా రాష్ట్రమునకు దానమిచ్చెను. ఎన్నటికిని అది యడవిగనే యుండవలెనని యాయన నియమము. నేడా వనము విస్తీర్ణము 2,00,000 ఎకరములకు మించినది.

మేము మా కుమారుని కుటుంబముతో వేసవిలో అచటికి పోయితిమి. కొండ యెక్కువారు తమ పేరును, పోవు దారిని, బయలుదేరు వేళను అచ్చటి పుస్తకములో వ్రాసి, తిరిగివచ్చిన పిదప మరల గుర్తు పెట్టవలెను. ఆఱేండ్లు నిండని పిల్లలను చెట్లు పెరుగు హద్దు దాటి పైకి తీసికొనిపోరాదను నియమము కూడ కలదు. మా మనుమరాలికి ఐదేండ్లే. కావున ఆమెయు, మా కోడలును చిమ్నీ అను కొలనికడ నిలిచిపోయిరి. మేము తక్కినవారితో పైకి సాగితిమి.

చెట్లున్నంతవఱకు భయము లేదు. మ్రాకులమీదను, రాళ్ళమీదను రంగుతో గుర్తులు వేసియున్నవి. శిఖరమునకు దిగువ నొక విశాలమైన రాతిమైదానము వచ్చును. అచట చెట్టు లేదు, నీడ లేదు. ఎటు చూచినను రాళ్ళే. మేమచటికి చేరిన కొంతసేపటికి మబ్బు దిగినది. ముందున్న రాళ్ళకుప్ప కానరాలేదు, వెనుకనున్నదియు కానరాలేదు. నలుగురమును ఒకచోట కూర్చుండి, మబ్బు విడిచినంతనే మారు మాటాడక క్రిందికి మరలితిమి. 1846లో థోరో అను ప్రసిద్ధ గ్రంథకర్తయు ఈ మబ్బులవలననే శిఖరము చేరక మరలిపోయెను.

1939వ సంవత్సరము జూలై 17వ తేదీన డాన్ ఫెండ్లర్ అను పండ్రెండేండ్ల బాలుడు తండ్రితోడను, సోదరులతోడను ఈ కొండ యెక్కెను. శిఖరము దగ్గఱ మబ్బు క్రమ్మెను. చలికి తాళలేక, తండ్రిని కలిసికొనుటకై అతడు తోడి బాలుని విడిచి వెనుకకు తిరిగెను. ఆ రాళ్ళలో త్రోవ తప్పెను. వందలకొలది జనులును, జాగిలములును వెదకినను జాడ తెలియలేదు. దేశమంతటను పత్రికలలో ఆ వార్తయే. చెప్పులు పోయి, బట్టలు పోయి, దోమలును ఈగలును పీల్చుచుండగా, అడవి పండ్లు తినుచు ఆ పసివాడు ఒక వాగు వెంట నడచెను. తొమ్మిదవనాడు, జూలై 25న, పెనోబ్స్కాట్ నది తూర్పుశాఖ యొడ్డున నొకరు వానిని చూచి కాపాడిరి. అప్పటికి వాని బరువు 16 పౌనులు తగ్గియుండెను. ఆ కథ ఆ యేటనే పుస్తకముగా వెలువడెను. ఫెండ్లర్ పెద్దవాడై సైన్యమున పనిచేసి, బడులలో పిల్లలకు తన కథ చెప్పుచు, 2016లో తొంబదియవయేట కాలధర్మము నొందెను.

వాగు వెంట నడచుటచేతనే యతడు బ్రతికెనని కొంద రందురు. ఆలోచించి చూడుడు: వెదకువారు కడపట కనబడిన తావునుండి వెదకుదురు. నడచిన కొలదియు నతడు వారికి దూరమయ్యెను. తప్పిపోయినవాని కాళ్ళను నమ్మరాదని శాస్త్రమును చెప్పుచున్నది. జర్మనీలోని శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, సూర్యుడు కానరాని యడవిలో తిన్నగ పోవుచున్నామనుకొన్నవారు తమకు తెలియకయే చుట్టు తిరిగి, తాము నడచిన చోటికే వచ్చిరి. సూర్యుడు కనబడుచుండగా నడచినవారు తిన్నగ పోగలిగిరి.

1981లో కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండమీద తొమ్మిదేండ్ల బాలుడొకడు తప్పిపోయి మరణించెను. వెదకినవారు ఆ దుఃఖముతో 'చెట్టును కౌగిలించుకొనుము' అను పేర పిల్లలకొక పాఠము నేర్ప నారంభించిరి. త్రోవ తప్పితినని తెలియగనే యొక చెట్టు నాశ్రయించి దానిని విడువరాదు. ఈల యూదవలెను. పెద్ద ప్లాస్టిక్ సంచి వెంట నుంచుకొని, చలికిని వానకును తొడుగుకొనవలెను. పిలిచినవారికి బదులు పలుకవలెను. తల్లిదండ్రులు కోపింతురను భయముతో పిల్లలు దాగుకొందురు గనుక, ఎవరును కోపపడరని వారికి ముందే చెప్పవలెను. తల్లులకును ఒక పని కలదు: మెత్తని తువాలుపై అల్యూమినియం రేకు పఱచి, పిల్లవానిచే చెప్పుకాలితో త్రొక్కించి, ఆ ముద్రను దాచుకొనవలెను. వెదకువారికి అది యెంతయో సాయము చేయును.

ఇది పరదేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెను. నేటికిని ఉగాదికి ముందు కన్నడభక్తులు వేలకొలది వెంకటాపురము, నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలను మీదుగా నల్లమల యడవిలో నడచి మల్లన్న సన్నిధికి వత్తురు. వారు గుంపులుగా పోవుట వట్టి భక్తిచేత కాదు. ఒకరు వెనుకబడినచో మఱియొకరు గుర్తింపవలెనని. మన పిల్లలును నేడు సెలవులలో కొండలకును, జలపాతములకును పోవుచున్నారు.

సోదరీమణులారా! ఎవరును వెదకనిచో చెట్టుక్రింద నిలిచిన బిడ్డ నిలిచియే యుండును. వెదకుమని మొట్టమొదట చెప్పవలసినది యింటనున్నవారే. బయలుదేరువానిని ఎక్కడికని యడుగరాదని మన పెద్దలందురు. ఆ మర్యాద చెడకుండ ముందటి రాత్రియే యడుగవచ్చును: ఏ దారిని పోదురు? ఎవరెవరు తోడు? ఏ రంగు బట్టలు? ఎన్ని గంటలకు మరలుదురు? ఆ మాటలు కాగితముమీద వ్రాసి గోడకు తగిలించుడు. చెప్పిన వేళ దాటినచో నలుగురేమనుకొందురో యని తెల్లవాఱువఱకు వేచియుండక 112కు ఫోను చేయుడు. బిడ్డ నవ్వుచు గుమ్మమున ప్రవేశించినచో నా శ్రమ వృథా యని యెవరును చింతింపరు.