పదకొండో శాలువా

మొన్న ఆగస్టు 15కి మా పుట్టింటికి వెళ్ళాం. చిలకలూరిపేట పక్కన పల్లె. చుట్టూ పత్తి, మిరప చేలు. మా అమ్మ వాళ్ళ పక్కిల్లే మిలటరీ బాబాయిది. చుట్టరికం లేదు గానీ చిన్నప్పట్నుంచీ బాబాయ్, పిన్ని అనే పిలుపు. 1971 యుద్ధమప్పుడు ఆర్టిలరీలో ఉన్నాడు. తొమ్మిదేళ్ళు చేశాక వాళ్ళ నాన్న పోతే, పొలం చూసుకునే దిక్కు లేక వచ్చేశాడు. ఇప్పుడు 75 దాటాయి.

ఈసారి ఆయనకి ఏదన్నా చేద్దామని నేనే పట్టుబట్టాను. గుంటూరులో మంచి శాలువా, పళ్ళబుట్ట, బలానికి పాలల్లో కలిపే పొడి డబ్బా కొన్నాను. బడి దగ్గర జెండా వందనం అయ్యాక శాలువా కప్పి ఫొటో దిగాం. మా వారు స్టేటస్ కూడా పెట్టుకున్నారు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే, పిన్ని శాలువా మడిచి ట్రంకుపెట్టెలో పెడుతోంది. "ఇది పదకొండోది అమ్మాయ్. మన ఎండలకి ఏం కప్పుకుంటాం?" అంది నవ్వుతూ. బాబాయికి షుగరట. పళ్ళు వీధిలో పిల్లలకి పంచేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

నేనేదో అడుగుతుంటే బాబాయి ఇంకేదో చెబుతున్నాడు. ఎవరో ఉచితంగా ఇచ్చిన చెవి మిషను గూట్లో ఉంది. బటన్ అంత బ్యాటరీ, వారం పది రోజులకే అయిపోతుంది. అది మా ఊళ్ళో దొరకదు. మూడు నెలలుగా ఆయన లోకం నిశ్శబ్దం!

పిన్నిని ఖర్చులెలా గడుస్తున్నాయని అడిగాను. సీజన్లో కల్లాల్లో తాలుకాయలు ఏరడానికి వెళ్తోందట. ఆ వయసులో! రాత్రిళ్ళు చేతులు మంటలకి నిద్ర పట్టదట. సిపాయిగా 15 ఏళ్ళు చేస్తేనే పెన్షన్. బాబాయికి లేదు. అందుకే పెన్షనర్లకుండే ఈసీహెచ్‌ఎస్ వైద్యం కార్డూ లేదు.

గుంటూరు వచ్చాక, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగమన్నారు తెలిసినవాళ్ళు. అప్పుడు తెలిసింది పెన్యూరీ గ్రాంట్ గురించి. పెన్షన్ రాని, హవల్దారు హోదా వరకూ చేసిన, 65 దాటిన మాజీ సైనికులకీ, వాళ్ళ వితంతువులకీ కేంద్రీయ సైనిక్ బోర్డు ఇస్తుంది. నెలకి 4,000 ఉండేది. 2025 నవంబరు నుంచి 8,000 చేశారు.

పరుగున వెళ్ళి చెప్పాను. పెన్యూరీ అంటే ఏమిటని అడిగాడు. కటిక పేదరికం అని వాళ్ళబ్బాయి చెప్పగానే బాబాయి మొహం మారిపోయింది. "నేనేమన్నా అడుక్కునేవాణ్ణా?" అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పక్కన కూర్చుని, చెవి దగ్గర గట్టిగా చెప్పాను. "బాబాయ్, బళ్ళో మేం డిసెంబరు 7న చిన్న కాగితం జెండా కొని జేబుకి పెట్టుకునేవాళ్ళం, గుర్తుందా? ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. 1949 నుంచీ జనం అలా ఇస్తున్న డబ్బులు చేరే నిధిలోంచే ఇది. నువ్వూ కొన్నావుగా ఆ జెండా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి డిశ్చార్జి బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అందులో ఇంటిపేరు స్పెల్లింగు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. అది సరిచేయించడానికి మా వారు రెండు రోజులు సెలవు పెట్టి కారులో తిప్పారు. శాలువా కన్నా ఆ రెండు రోజులే ఎక్కువ పనికొచ్చాయి. అప్లికేషన్ వెళ్ళింది, ఎదురుచూస్తున్నాం.

మీరూ ఎవరికన్నా చేద్దామనుకుంటే ముందు వాళ్ళింట్లో ఆడవాళ్ళని అడగండి. ఏం కావాలో వాళ్ళకే తెలుసు. తర్వాత, రావలసినవి వస్తున్నాయో లేదో కాగితాలు చూడండి. తెలిసినవాళ్ళెవరూ లేకపోతే, పతాక దినోత్సవ నిధికి డబ్బే ఇవ్వండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనే తీసుకుంటారు. రసీదు అడిగి తీసుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు నెల సరుకుల చీటీలో చెవి మిషను బ్యాటరీలు కూడా ఉంటున్నాయి. పేట వెళ్ళే బస్సులో ఎవరో ఒకరి చేత పంపిస్తాను. మొన్న ఆదివారం ఫోన్ చేస్తే బాబాయే ఎత్తాడు. "అంత అరుస్తావేంటమ్మా, వినపడుతోంది" అన్నాడు.