నిమ్మరసం పొయ్యి కాదు

ఇటలీ ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మా టీమ్ వాళ్ళకి పచ్చి చేప పిచ్చి పట్టుకుంది. కార్పాచ్చో అంటారు. వెనిస్ హ్యారీస్ బార్‌లో పుట్టినప్పుడు అది గొడ్డుమాంసంతో చేసింది. చేప తర్వాత వచ్చింది. పల్చగా కోసి ఆలివ్ నూనె, నిమ్మరసం, ఉప్పు. అంతే, పొయ్యి అక్కర్లేదు!

కానీ ఫ్రీజర్ కావాలండీ. నిమ్మరసంతో ముక్క తెల్లబడుతుంది గానీ లోపలి నులిపురుగులు చావవు. అందుకు మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులుంచాలని అమెరికా ఎఫ్‌డీఏ లెక్క. మన మాదాపూర్ ఫ్లాట్లలో మామూలు ఫ్రిజ్‌లు మైనస్ 18 దగ్గరుంటాయి. పైగా బాక్టీరియా చలికి పూర్తిగా చావదు. కొరమేను లాంటి మంచినీటి చేపైతే అసలు ఆలోచనే వద్దు.

మా ఇంట్లో పెద్దావిడ అమ్మ, మూడేళ్ళ పాప ఉన్నారు. అందుకే వంజరం ముక్కలు ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, అదే నూనె, అదే నిమ్మరసం వేశా. ఇటలీ వాళ్ళు ఒప్పుకోరేమో. అమ్మ మాత్రం మళ్ళీ వేయించుకుంది.