పట్టికలో లేని గడి

కొన్నేళ్ల క్రితం ఒక సాంస్కృతికోత్సవానికి వచ్చిన దరఖాస్తులను పరిశీలించే బాధ్యత నాపై పడింది. పట్టికలో శాస్త్రీయం, జానపదం, లలితం అని మూడే గడులు. మృదంగం, గిటారు, డ్రమ్స్ కలిపి వాయించే ఒక యువబృందం ఆ మూడింటినీ వదిలి, అంచున 'ఫ్యూజన్' అని రాసింది. 'ఏ విభాగానికీ చెందదు' అని ఫైలుపై రాసి తిప్పి పంపాను. చరిత్ర చదివినవాడు రాయదగిన మాట కాదది.

అది తెలిసివచ్చింది 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' మళ్లీ విన్నప్పుడు. రిమెంబర్ శక్తి బృందం 2000 డిసెంబరులో ముంబయిలో చేసిన కచేరీలనుండి కూర్చి 2001లో వెలువరించిన ఆల్బమ్ అది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకీర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజిర. అతిథులుగా శివకుమార్ శర్మ సంతూర్, శివమణి డ్రమ్స్, సినిమా పాటలతో ఇంటింటికీ చేరిన శంకర్ మహదేవన్ గాత్రం. వీరి నడుమ మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. లయవాద్యాల పోటీ అక్కడక్కడ అవసరానికి మించి సాగిందనే నా అభిప్రాయం. కాని శ్రీనివాస్ కూర్చిన 'గిరిరాజ్ సుధ' దగ్గర ఆ ఫిర్యాదు గుర్తుకురాదు.

మాండలిన్ జంట తీగెల వాద్యం. మీటిన నాదం నిలవదు. నాదం నిలవనిదే గమకం పలకదు. గమకం లేనిదే కర్ణాటక రాగానికి రూపమే లేదు. అందుకే శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, నాలుగు జంటల స్థానంలో ఐదు ఒంటి తీగెలు బిగించుకున్నారు. ఐరోపా వాద్యం, విద్యుత్తు, త్యాగరాజ కీర్తన — ఈ మూడింటి కలయిక ముంబయి వేదికకంటే ఎంతో ముందుది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొమ్మిదేళ్ల ప్రాయంలో తొలి కచేరీ చేసిన ఆయన నా పట్టికకు దరఖాస్తు పంపి ఉంటే, క్షణమైనా తటపటాయించక 'శాస్త్రీయం' గడిలో గుర్తు పెట్టేవాణ్ణి. బాలుస్వామి దీక్షితర్ చేతి వయొలిన్‌ను మనవాద్యమే అనుకున్నట్లుగానే.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్లకే వెళ్లిపోయారు. శివకుమార్ శర్మ 2022లో, జాకీర్ హుస్సేన్ 2024లో కన్నుమూశారు.

మరుసటి ఏడాది పట్టికలో 'సమ్మిశ్రం' అనే నాలుగో గడి చేర్పించాను. దరఖాస్తులు పదకొండు వచ్చాయి. ఆ బృందంనుండి మాత్రం రాలేదు.