గీతకు ఇటుపక్క బడి

ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆవరణ దాటి స్ప్రూస్ వీధిలో పడమరగా కాస్త నడిస్తే ఓ ప్రభుత్వ బడి వస్తుంది. చాంతాడంత పేరులో జనం వాడేది 'పెన్ అలెగ్జాండర్' ఒక్కటే. 1921లో ఇదే విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొందిన నల్లజాతి మహిళ సేడీ అలెగ్జాండర్ పేరది.

ఈ రచయిత వెళ్లింది బడి వదిలే వేళకు. గేటు దగ్గర తల్లిదండ్రుల్లో అన్ని రంగులవాళ్లూ ఉన్నారు. అది అనుకోకుండా కుదిరిన కలయిక కాదు.

1990లలో ఈ పేటంటే భయం. 1996లో విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు వీధిలోనే హత్యకు గురయ్యాక విశ్వవిద్యాలయ అప్పటి అధ్యక్షురాలు జుడిత్ రోడిన్ పేట బాగుకు పూనుకున్నారు. వీధి దీపాలు, దుకాణాలు, ఇళ్లు కొనుక్కునే సిబ్బందికి సాయం, వీటితోపాటు బడి. ప్రొఫెసర్ల పిల్లల కోసం సొంతంగా ప్రైవేటు బడి పెట్టుకోవడం తేలిక. అలా చేయలేదు. 1998లో నగర పాఠశాలల శాఖతో, ఉపాధ్యాయ సంఘంతో ఒప్పందం కుదిరింది. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు, సీట్లు పేటలో ఉండే పిల్లలకే. విశ్వవిద్యాలయం ఏటా ఒక్కో విద్యార్థికి 1000 డాలర్లు ఇస్తానంది. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించడానికి ఆ డబ్బు పనికొచ్చింది: కిండర్‌గార్టెన్‌లో 17 మంది, పై తరగతుల్లో 23 మంది. 2001లో కిండర్‌గార్టెన్, ఒకటో తరగతితో బడి తెరిచారు. బోధన రూపకల్పనలో విశ్వవిద్యాలయపు విద్యాశాఖ చేయి కలిపింది.

అయితే పేట ఎక్కడిదాకా? అసలు తగువంతా అక్కడే. పటం మీద గీత గీయగానే, రోడ్డుకు అవతలి ఇళ్లవాళ్లు మేమేం పాపం చేశామన్నారు. న్యాయమైన ప్రశ్నే.

బడికి మంచి పేరు రావడంతో గీత లోపలి ఇళ్ల ధరలు పెరిగాయి. ఇళ్ల ప్రకటనల్లో బడి పేరు పడగ్గదుల లెక్కతో పోటీపడింది. తొలినాళ్లలో సగానికి పైగా ఉన్న నల్లజాతి పిల్లల వాటా క్రమంగా తగ్గింది. ఫీజు లేదన్న మాట నిజమే; అద్దెల రూపంలో ఫీజు తిరిగొచ్చింది. 2013 జనవరిలో మంగళవారం మొదలయ్యే కిండర్‌గార్టెన్ నమోదుకు తల్లిదండ్రులు శుక్రవారం నుంచే చలిలో బారులు తీరారు. అధికారులు ఆ పద్ధతి మార్చి లాటరీ పెట్టారు.

నాలుగైదు వీధుల అవతల హెన్రీ సి. లీ అనే మరో ప్రభుత్వ బడి ఉంది. అక్కడి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడిగింది ఒక్కటే: మాకూ ఆ సాయం అందించండని. ఆ తర్వాత విశ్వవిద్యాలయం లీ బడికీ సాయం పెంచింది.