పెద్ద మందు ఆగింది, చిన్న మందు నడుస్తోంది

కొండగట్టు నుంచి

ప్రియమైన మీకు,

పిల్లల పరీక్షలు అయిపోయాయా? ఇక్కడ ఎండలు ముదిరాయి. హనుమాన్ చిన్న జయంతి దగ్గరపడింది కదా, మాల వేసుకున్న స్వాములతో జగిత్యాల రోడ్డంతా కాషాయమైపోయింది.

పోయిన ఉత్తరం అందినప్పటి నుంచి మీరంతా మా చిన్నమ్మ గురించే అడుగుతున్నారు. "కీమో అయిపోయిందన్నారు, మళ్లీ హైదరాబాద్ ఎందుకు పోతున్నారు?" అన్నదే ఎక్కువమంది ప్రశ్న. మా వాడకట్టులోనూ అందరిదీ అదే మాట. అందుకే ఈసారి ఉత్తరమంతా దానికే.

చిన్నమ్మది పెద్దపేగు క్యాన్సర్ అని మీకు తెలుసు. కాలేయానికి కూడా పాకిన తర్వాతే బయటపడింది. మొదట ఆక్సాలిప్లాటిన్, బెవాసిజుమాబ్ సెలైన్‌లో ఎక్కించారు, కెపెసిటాబిన్ గోలీలు ఇంటి దగ్గర మింగమన్నారు. కొన్ని విడతలయ్యాక స్కానింగ్ తీస్తే కాలేయంలో మచ్చలు బాగా చిన్నవయ్యాయి. అప్పుడు డాక్టరుగారు ఆక్సాలిప్లాటిన్ ఆపేసి, మిగతా రెండూ కొనసాగించమన్నారు. దీన్నే దవాఖానలో మెయింటెనెన్స్ అంటున్నారు. ఆ మాట ఇంటికి వచ్చేసరికి రెండుగా చీలిపోయింది. సగం మంది "నయమైపోయింది" అన్నారు. మిగతా సగం "డాక్టర్లు చేతులెత్తేశారు, అందుకే పెద్ద మందు ఆపారు" అని చాటుగా కళ్లు తుడుచుకున్నారు. రెండూ నిజం కాదు. జబ్బు ఉంది, కానీ అణిగి ఉంది. అణిగినదాన్ని వీలైనన్ని రోజులు అలాగే ఉంచాలి, ఆ రోజుల్లో మనిషి మనిషిలా తిరగగలగాలి. చికిత్స ఉద్దేశమంతా ఇదే.

పెద్ద మందు ఎందుకు ఆపారో తెలియాలంటే చిన్నమ్మ చేతులు చూడాలి. మా దగ్గర ఆడవాళ్లు చాలామందిలాగే ఆమెకూ చిన్నప్పటి నుంచి బీడీల పనే. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన కత్తెర. ఆకు చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం అన్నీ అటు టీవీ చూస్తూనే చేసేది. ఆక్సాలిప్లాటిన్ మొదలయ్యాక చల్లని నీళ్లు ముట్టుకుంటే చాలు, వేళ్లు జిల్లుమని కొంకర్లు పోయేవి. విడతలు పెరిగేకొద్దీ వేలికొసలు మొద్దుబారాయి. దారం వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కళ్లతో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. ఈ మందు నరాలను తింటుంది. ఆపాక కూడా కొన్నాళ్లు తిమ్మిరి పెరిగి, ఆ తర్వాత నెలల మీద మెల్లగా తగ్గుతుంది. కొందరిలో పూర్తిగా పోదు. ఆరు విడతల తర్వాత దీన్ని ఆపి, అవసరమైనప్పుడు మళ్లీ మొదలుపెట్టినా జబ్బు అదుపులో ఉండే కాలం పెద్దగా తగ్గదని ఫ్రాన్స్ డాక్టర్లు 2006లోనే చూపించారు. నరాలు మాత్రం చాలావరకు దక్కుతాయి.

మరి ఆ రెండో మందు సంగతేమిటంటారా? బెవాసిజుమాబ్ మామూలు కీమో కాదు. క్యాన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలి. వాటిని మొలిపించే సంకేతాన్ని గడ్డే ఒంట్లోకి వదులుతుంది. ఆ సంకేతాన్ని అడ్డుకోవచ్చని అమెరికా వైద్యుడు జుడా ఫోక్‌మన్ 1971లో రాస్తే చాలామంది నమ్మలేదు. ఆ సంకేతాన్ని అడ్డుకునే ఈ మందుకు అక్కడ అనుమతి వచ్చేసరికి 2004 అయింది. చిన్నాయనకు ఇదంతా చెబితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "కలుపుకు పోయే నీళ్ల కాలువకు కట్ట ఏసిండ్రన్నట్టు." అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఒకప్పుడు ఈ మందు ధర వినే చాలామంది వెనక్కి తగ్గేవారు. 2016లో హెటిరో, 2019లో డాక్టర్ రెడ్డీస్ దీనికి సాటి మందును తెచ్చాయి. రెండూ హైదరాబాద్ కంపెనీలే. ఆరోగ్యశ్రీ పరిమితిని మన తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీ మందు అందులోకి వస్తుందా రాదా అన్నది మాత్రం మందు మొదలుపెట్టకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

"ఇంత చేస్తే ఆయుష్షు పెరుగుతుందా?" అని మీరు అడుగుతారని తెలుసు. మీ దగ్గర దాచను. నెదర్లాండ్స్‌లో 558 మందితో చేసిన పరిశీలన ఒకటి 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆరు విడతలు పూర్తయి, జబ్బు పెరగనివాళ్లలో కొందరికి కెపెసిటాబిన్, బెవాసిజుమాబ్ రెండూ కొనసాగించారు, మిగతావాళ్లకు ఏదీ ఇవ్వకుండా కనిపెట్టి చూశారు. మందు వాడినవాళ్లలో జబ్బు ఇంచుమించు ఎనిమిదిన్నర నెలలు కదలకుండా ఉంది, వాడనివాళ్లలో నాలుగు నెలలే. మొత్తం ఆయుష్షులో మాత్రం తేడా గట్టిగా తేలలేదు. కాబట్టి డాక్టరుతో మాట్లాడి కొంతకాలం మందుకు సెలవు తీసుకున్నా అది తప్పేమీ కాదు. ఏది మేలన్నది ఆ మనిషిని బట్టి ఉంటుంది. ఈ మాట రోగితోనే మాట్లాడాలి, ఆమెను బయట కూర్చోబెట్టి కొడుకులతో కాదు. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. చిన్నమ్మకు అంతా విడమరిచి చెబితే తనే తేల్చుకుంది: "గోలీలు మింగుత బిడ్డా. జబ్బు ఎప్పుడు లేస్తదో అన్న రంది తక్కువుంటది."

గోలీల కథ వేరే ఉంది. అన్నం తిన్న అరగంటలోపు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వేసుకోవాలి. మరి శనివారం ఒక్కపొద్దు ఎట్లా? ఏళ్లుగా తప్పని ఒక్కపొద్దు. దానికీ ఆమే దారి చూసుకుంది. "మందు కోసం తిన్నది లెక్కల రాదు, స్వామికి తెల్వదా?" అంటుంది. ఇంకో ఇబ్బంది, ఈ గోలీలతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు లేస్తాయి. అందుకే ఈసారి చెప్పులు లేకుండా కొండ మెట్లెక్కొద్దని నేను కాళ్లావేళ్లా పడ్డాను. ఘాట్ రోడ్డు మీద ఆటోలో పోయి దర్శనం చేసుకుని వచ్చింది. ఆంజనేయుడు సంజీవని పర్వతం తీసుకెళ్తుంటే అందులో ఓ ముక్క రాలి మా కొండ అయిందని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ నమ్మకంతో ఎక్కడెక్కడినుంచో రోగాలతో వచ్చి కొండ మీద రోజుల తరబడి నిద్ర చేస్తారు. చేయనివ్వండి, మందుల సంచి వెంట ఉంటే చాలు. బెవాసిజుమాబ్ వాడుతున్నవాళ్లు బీపీ చూపించుకుంటూ ఉండాలి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష తప్పించకూడదు. పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టరుకు చెప్పాలి, గాయాలు త్వరగా మానవు. ఉన్నట్టుండి కడుపునొప్పి తీవ్రంగా వస్తే తెల్లారేదాకా ఆగవద్దు.

మీలో ఒకరు రాశారు, "మా బాబాయికి సెటుక్సిమాబ్ ఇస్తున్నారు, మొహం నిండా మొటిమలు వచ్చాయి, పడలేదని మానేద్దామా?" అని. మానకండి. ఆ మందుతో అలాంటి పొక్కులు చాలామందికి వస్తాయి. ఎండకు తిరగనివ్వకుండా, మొహం గట్టిగా రుద్దనివ్వకుండా చూసుకోండి. డాక్టరుకు చూపిస్తే పూతమందు రాస్తారు. అయితే ఒక సంగతి కనుక్కోండి. గడ్డలోని ర్యాస్ జన్యువు మారి ఉంటే ఈ మందు పనిచేయదు. పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఇంచుమించు సగం మందికి అది మారి ఉంటుంది. అందుకే ముందుగా ఆ పరీక్ష చేస్తారు. గడ్డ పేగుకు ఎడమవైపున ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ మేలు చేస్తుందని కూడా తేలింది.

ఇక "ఎన్నాళ్లు?" అన్నది మిగిలింది. మందు పనిచేస్తున్నన్నాళ్లు, ఒళ్లు తట్టుకున్నన్నాళ్లు. రెండు మూడు నెలలకోసారి స్కానింగ్ ఉంటుంది. జబ్బు మళ్లీ లేస్తే ఆక్సాలిప్లాటిన్ తిరిగి తేవచ్చు, లేదా ఇరినోటికాన్ అని ఇంకో మందు ఉంది. చిన్నమ్మకు జయంతి వెళ్లిన వారంలో స్కానింగ్. పోయినసారి బస్సు హైదరాబాద్ జేబీఎస్ చేరేలోపే "రిపోర్టు నువ్వు చదవకు, డాక్టరు నాకే చెప్పాలె" అని ఒట్టు వేయించుకుంది. ఈసారీ అంతే అనుకుంటాను.

రిపోర్టు సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోగా సెటుక్సిమాబ్ గురించి రాసినవారు, మీ బాబాయికి ర్యాస్ పరీక్ష చేశారో లేదో కనుక్కుని నాకో ముక్క రాయండి.

ఉంటాను,
మీ అక్క