ఒక్క టిక్కు

మొన్న ఆదివారం నా పాత రూమ్మేట్ ఫోన్ చేశాడు. వాడికి పెళ్ళయి ఏడాది కాలేదు. అమ్మాయి ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి, అంటే అమెరికన్ సిటిజన్. "ఇంకేంట్రా, గ్రీన్‌కార్డు చేతికొచ్చినట్టే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "రాదంటరా, లాయర్ చెప్పేశాడు" అన్నాడు.

ఎమ్మెస్ చేసే రోజుల్లో వాడు పర్మిషన్ లేకుండా ఒక గ్యాస్ స్టేషన్లో చేరాడు. అక్కడ ఐ-9 ఫారం ఇచ్చారు. "నేను అమెరికా పౌరుణ్ణి" అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేసేశాడు. రాత్రి ఇంటికొచ్చి భయంగా చెప్తే "ఎవడు చూస్తాడ్లే" అన్నది ఎవరో కాదు, నేనే.

చట్టం చూస్తే దిమ్మ తిరిగింది. అమెరికా పౌరుణ్ణని అబద్ధం చెప్తే మూడేళ్ళ దాకా జైలు. ఉద్యోగం కోసమో, ఓటరుగా నమోదు కావడానికో చెప్తే అయిదేళ్ళ దాకా. అయితే ఇలాంటి టిక్కుకి అసలు దెబ్బ జైలు కాదు. 1996లో మార్చిన ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం ఆ అబద్ధం చెప్పినవాడికి గ్రీన్‌కార్డు దారి జీవితాంతం మూసుకుపోతుంది. మినహాయింపు దాదాపు లేనట్టే.

విచిత్రం ఏంటంటే, వీసాతో వచ్చి సిటిజన్ని పెళ్ళి చేసుకున్నవాడు దొంగతనంగా పనిచేసినా గ్రీన్‌కార్డుకి అది అడ్డు కాదు. వేరే విషయంలో అబద్ధమాడి వీసా తెచ్చుకున్నా, భార్యకి తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపిస్తే క్షమించొచ్చు. ఈ టిక్కుకి మాత్రం ఆ క్షమాపణ కూడా లేదు. చేసిన పనిని వదిలేసి, పెట్టిన టిక్కుని పట్టుకుంటారన్నమాట! నాకైతే ఇది మరీ అన్యాయం అనిపిస్తుంది.

"అప్లికేషన్లో ఆ ప్రశ్న కూడా ఉందిరా, ఎప్పుడైనా పౌరుణ్ణని చెప్పావా అని. ఏం పెట్టను?" అని అడిగాడు. "నో పెట్టెయ్, ఎవడు చూస్తాడు" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అక్కడ అబద్ధమాడితే అదింకో నేరం. అలా సిటిజన్‌షిప్ దాకా వెళ్ళినా, అబద్ధంతో సంపాదించాడని రుజువైతే పదేళ్ళ దాకా జైలు, పౌరసత్వమూ పోతుంది.

"నిజమే రాయరా" అన్నాను. చెప్పడానికి నాదేం పోయింది? వెళ్ళిపోవాల్సి వస్తే వెళ్ళేది వాడు. ఆ రోజు ఈ మాట చెప్పుంటే వాడికి పోయేది గంటకి ఏడెనిమిది డాలర్లు.