ఐసిస్ వెంట ఏడు తేళ్ళు

ఈజిప్టు పురాణగాథలనగానే మన కళ్ళముందు మెదిలేవి పిరమిడ్లూ, మమ్మీలూ, పక్షిముఖాల దేవుళ్ళూను. ఆ గాథలను చదివేకొద్దీ నన్ను కట్టిపడేసినది మాత్రం ఐసిస్. ఆమె శిరస్సుపై ఉండేది సింహాసనం గుర్తు. ప్రాచీన ఈజిప్టువారు ఆమె పేరు రాసినదీ ఆ గుర్తుతోనే. సింహాసనాన్ని తలపై మోసే ఆ తల్లి కథలో ఎక్కువకాలం నిలువనీడ లేక తిరుగుతూ ఉండడం విచిత్రం.

భర్త ఒసైరిస్‌ను అతని తమ్ముడు సెత్ చంపివేశాడు. ఐసిస్ తన చెల్లెలు నెఫ్తిస్‌తో కలిసి దేహాన్ని వెదకింది. గద్దరూపం దాల్చి విలపించింది. మంత్రబలంతో భర్తలో ప్రాణం నిలిపి హోరస్‌కు తల్లి అయింది. అక్కచెల్లెళ్ళ ఆ వెదకులాట క్రీ.పూ. 24వ శతాబ్దం నాటి పిరమిడ్ గోడల రాతలలోనే కనిపిస్తుంది. దేహాన్ని 14 ముక్కలు చేశాడన్న ప్రసిద్ధకథ మాత్రం ఎంతో తరువాతివాడైన గ్రీకు రచయిత ప్లుటార్క్ చెప్పినది.

అయితే నేను చెప్పదలచుకున్నది ఇంత ప్రసిద్ధం కాని మరొక కథ. అది ‘మెటర్నిక్ శిల’ అని పేరుపొందిన రాతిఫలకంపై ఉంది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో రెండవ నెక్టనెబో కాలంలో చెక్కిన ఆ ఫలకం నేడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

సెత్ నిర్బంధం నుండి తప్పించుకున్న ఐసిస్ ఏడు తేళ్ళను రక్షణగా వెంటబెట్టుకుని బయలుదేరింది. చీకటిపడే వేళకు ఒక సంపన్నురాలి వాకిటికి చేరింది. ఆమె తేళ్ళను చూసి తలుపు మూసేసింది. చిత్తడినేలల్లో బతికే ఒక పేదపిల్ల మాత్రం తన ఇంటి తలుపు తెరిచింది. తేళ్ళకు కోపం వచ్చింది. అన్నీ తమ విషాన్ని ఒకే తేలుకు ఇచ్చాయి. అది తలుపు సందున దూరి సంపన్నురాలి కొడుకును కుట్టింది. తల్లి ఊరంతా పరుగెత్తి ఏడ్చినా ఎవరూ పలకలేదు.

ఇక్కడితో ఆగితే ఇది నీతికథ అయ్యేది. గర్వానికి తగిన శాస్తి జరిగిందని మనం తృప్తిపడేవాళ్ళం. ఐసిస్ తృప్తిపడలేదు. పసివాడు చేసిన పాపమేమిటని ఆమె హృదయం కరిగింది. బిడ్డపై చేతులుంచి, ఒక్కొక్క తేలునూ పేరుపెట్టి పిలిచి, విషాన్ని వెనక్కు రమ్మంది. బిడ్డ బతికాడు.

అదే శిలపై ఇంకొక ఘట్టముంది. చిత్తడినేలల్లో ఐసిస్ దాచుకున్న హోరస్‌నే విషం ఆవహించింది. పరుల బిడ్డను బతికించిన మహామాంత్రికురాలికి తన బిడ్డ దగ్గర మంత్రం పనిచేయలేదు. చుట్టూ చేరిన పేదజనం ఆమెతోపాటు ఏడ్చారేగాని ఏమీ చేయలేకపోయారు. చివరకు ఆమె ఆకాశం వైపు పెట్టిన కేకకు సూర్యుని పడవ ఆగిపోయింది. దానినుండి దిగివచ్చిన థోత్, హోరస్ కోలుకునేదాకా వెలుగు ఉండదనీ, పడవ కదలదనీ ప్రకటించాడు.

ఇటువంటి శిలలపై నీరు పోసి, ఆ నీటిని విషానికి మందుగా తాగించేవారట. హోరస్‌కు జరిగినదే ఈ రోగికీ జరగాలన్నది దాని భావం. మా అమ్మమ్మగారి ఊళ్ళోనూ తేలు కుడితే మంత్రం వేసే పెద్దాయన ఒకరుండేవారు. పసిపిల్లల ప్రాణం నిలిపేది మంత్రం కాదని మనకు తెలుసు. మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యులు హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో ప్రజోసిన్ మాత్రతో తేలుకాటు మరణాలను ఎంతగానో తగ్గించి చూపారు. ఈ కథ గొప్పతనాన్ని దానిలోని వైద్యంలో వెదకనక్కరలేదు.

కొన్నేళ్ళక్రితం మా పాప డెంగీతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఎదురుచూస్తూ నేను వరండాలో ఒక రాత్రంతా కూర్చున్నాను. బయట బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. టీవీలో ఎవరో నవ్వుతూనే ఉన్నారు. ఇంత జరుగుతుంటే లోకం ఎలా నడుస్తోందని నాకు పట్టరాని కోపం వచ్చింది. పక్కమంచం రోగి వెంట వచ్చిన ఒక అమ్మ, నా పేరైనా అడగకుండా ఫ్లాస్కులోని టీని మూతలో పోసి చేతికందించింది. పాప కోలుకుంది. ఆమెకు ధన్యవాదాలు చెబుదామని చూసేసరికి ఆ మంచం ఖాళీ. వాళ్ళు ఇంటికి వెళ్ళారో, మరేమైందో నేను ఎవరినీ అడగలేకపోయాను.

ఆ తరువాత ఈ గాథను మళ్ళీ చదివినప్పుడు తలుపు తెరిచిన పేదపిల్లకు నా మనసులో ఒక ముఖం ఏర్పడింది. ఇక సూర్యుని పడవ ఆగిన చోటు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నిజజీవితంలో ఏ బిడ్డ కోసమూ సూర్యుడు ఆగడు. ఆగవలసిందేనని రెండువేల మూడువందల ఏళ్ళనాడు ఎవరో రాతిమీద చెక్కించారు. ఏ తల్లి ఏడుపు విని చెక్కించారోగాని, ఆమె మాట అబద్ధమని అనడానికి నాకు నోరు రాదు.